జిల్లా పేజీ దాటని వాతావరణం

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ జిల్లా ఎడిషన్ల గురించి ఒక మాట చెప్పాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నా, ఇవ్వాళ కూర్చుని రాస్తున్నాను, కాస్త పొడుగైనా చదవండి. నా పుట్టిల్లు కాకినాడ దగ్గర ఉప్పాడ, మెట్టినిల్లు అనంతపురం జిల్లా, ఇప్పుడు ఉంటున్నది హైదరాబాద్ ఉప్పల్ లో. అందుకని పొద్దున్నే ఫోన్ లో ఈ-పేపర్ తెరిచి మూడు చోట్ల జిల్లా పేజీలూ చూసుకోవడం నాకు అలవాటైపోయింది. అలా చూడబట్టే ఒక విషయం బాగా తెలిసొచ్చింది, ఉప్పాడలో సముద్రం రోడ్డు మీదకి వస్తే అది కాకినాడ పేజీలోనే ఉంటుంది, వేరుశనగ ఎండిపోతే అది అనంతపురం పేజీలోనే ఉంటుంది, నాలా పొంగితే అది హైదరాబాద్ సిటీ పేజీలోనే ఉంటుంది, ఒక చోట వార్త ఇంకో చోట కనపడదు. ఎవరి కష్టం వాళ్ళ పేజీలోనే మొదలై అక్కడే అయిపోతుంది. ఇవన్నీ కలిపి చూడాల్సిన వార్తలు అని చదివేవాళ్ళకి తట్టే అవకాశమే మనం ఇవ్వడం లేదు.

వాతావరణ మార్పుల మీద మన జనానికి అవగాహన లేదు, పల్లెటూళ్ళలో అసలే లేదు అని సర్వేలు వచ్చినప్పుడల్లా ఎడిటోరియల్స్ రాస్తారు కదండీ, అందులో సగమే నిజం. 2007-08లో గ్యాలప్ అనే సర్వే సంస్థ వాళ్ళు 100కి పైగా దేశాల్లో అడిగితే మన దేశంలో 65 శాతం పైగా జనం దాని పేరే వినలేదన్నారు. 2021-22లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ వాళ్ళు సీ-వోటర్ అనే సర్వే సంస్థతో కలిసి మళ్ళీ మన దేశంలో అడిగారు, అప్పుడు కూడా 54 శాతం మంది గ్లోబల్ వార్మింగ్ గురించి ఏదో కొంచెం తెలుసు లేదా అసలు వినలేదు అనే చెప్పారు, కానీ అదే మనుషులకి దాని గురించి రెండు ముక్కల్లో వివరించి ఇది జరుగుతోందంటారా అని అడిగితే 84 శాతం మంది జరుగుతోంది అన్నారు. అంటే మార్పు జనం కళ్ళముందే ఉంది, వాళ్ళు చూస్తూనే ఉన్నారు, చూసినదాన్ని ఒకదానికొకటి కలిపి చెప్పేవాళ్ళు లేరు అంతే. పేపర్ చెయ్యాల్సిన పని అక్కడే ఉంది అని నా బాధ.

మా అత్తగారు చదువుకోలేదు, కానీ రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయని, మృగశిర పడితే ముంగిళ్ళు చల్లబడతాయని కార్తెల లెక్కన ఏడాదంతా చెప్పగలిగిన మనిషి. ఆమె అనే మాట ఏంటంటే, "ఇప్పుడు కార్తికీ వానకీ పొంతన లేదు, వస్తే ఒక్క దినంలోనే కట్ట తెగేంత వస్తాది, లేదంటే నెల్లాళ్ళు మొగమే సూపీదు". ఇది చిన్న మాట కాదండీ. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచుకోగలదు. నేలలో తేమని త్వరగా లాగేస్తుంది, మోసిన నీళ్ళని దించేటప్పుడు ఒక్కసారే కుమ్మరించేస్తుంది. అందుకే వానకీ వానకీ మధ్య గ్యాప్ పెరగడం, వచ్చిన వాన కుండపోతగా పడటం రెండూ ఒకే కారణం నుంచి వస్తున్నాయి, సైంటిస్టులు చెప్పేదీ ఇదే, ఆమె అనుభవం మీద చెప్పేదీ ఇదే. ఆమెకి అవగాహన లేదని ఏ సర్వే అయినా రాసుకుంటే ఆ సర్వే అడిగే పద్ధతిలోనే లోపం ఉంది.

కానీ ఆమెకి ములుగులో ఏం జరిగిందో తెలీదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్ల వాన పడింది, తెలంగాణలో అదే రికార్డు. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి పడేదే సగటున 55 సెంటీమీటర్లు, అంటే మా అత్తగారి ఊళ్ళో ఏడాది వాన కన్నా ఎక్కువ అక్కడ ఒక్క రోజులో పడిపోయింది! ఆ వానకే మోరంచ వాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరు మునిగింది, జనం ఇళ్ళ కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి రాష్ట్రం మొత్తం చదివే పేజీలో వేస్తే ఎవరికి అర్థం కాదు చెప్పండి? అనంతపురం పేజీలో కరువు, ములుగు పేజీలో వరద, మధ్యలో రాష్ట్రాలు కూడా రెండయ్యాయి కాబట్టి ఒకరి వార్త ఇంకొకరికి ఇంకా దూరమైపోయింది.

ఒక ప్రాంతానికి ఒకే ఆపద అలవాటైపోవడం ఎంత ప్రమాదమో రాయలసీమే చెప్పింది. సీమ అంటే కరువు, ట్యాంకర్లు, వలసలు, ఇంతే మన బుర్రల్లో, అక్కడి వాళ్ళ బుర్రల్లో కూడా. 2021 నవంబర్ 19న కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, తెల్లారేసరికి కింద పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ళ మీద నీళ్ళు పడ్డాయి, పదుల మంది పోయారు. అదే నెలలో తిరుపతి వీధులు కాలవలయ్యాయి. గేట్ల సంగతి, ప్రాజెక్టు నిర్వహణ సంగతి చాలా రాశారు, అవి రాయాల్సిందే, నేను కాదనను. కానీ వరద అనేది మన ఊరికి వచ్చే విషయమే కాదు అనుకునే చోట హెచ్చరిక వచ్చినా కాళ్ళు కదలవు. మన దగ్గర ఏం జరగదో మనకి తెలుసు అనే ధీమా ఉంటుంది చూడండి, అది అవగాహన లేకపోవడం కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

దీనికి పూర్తిగా వేరే ఉదాహరణ కోస్తా. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు 10 వేల మంది చనిపోయారు, ఆ తరం వాళ్ళు ఇప్పటికీ ఆ రాత్రి సంగతి పిల్లలకి చెప్తారు. అదే 2014 అక్టోబర్ 12న హుద్ హుద్ తుఫాను విశాఖ నగరం మీదే తీరం దాటినా, చెట్టు మిగలకపోయినా, రోజుల తరబడి కరెంట్ లేకపోయినా మన రాష్ట్రంలో చనిపోయినవాళ్ళు వందలోపే. శాటిలైట్లు, షెల్టర్లు, ముందే జనాన్ని తరలించడం ఇవన్నీ కారణాలే, కానీ తరలిస్తుంటే జనం కదిలారు, అది కూడా కారణమే. తుఫాను అంటే ఏంటో కోస్తా జనానికి ఒళ్ళంతా తెలుసు కాబట్టి కదిలారు. అదే కోస్తాలో 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు విజయవాడ సింగ్ నగర్ మీద పడితే ఎవరూ కదల్లేదు, కదలమని చెప్పింది సరిగా చేరనూ లేదు, ఎందుకంటే అందరి చూపూ కృష్ణ మీదే ఉంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు వరద వస్తోంది అని టీవీలన్నీ అక్కడే ఉన్నాయి. పక్కనున్న చిన్న వాగు గురించి పట్టించుకున్న వాళ్ళు తక్కువ. ఒకే రాష్ట్రం, ఒకే తీరం, గాలి తుఫానుకి ఒక రకం అవగాహన, ఊళ్ళో వాగుకి ఇంకో రకం.

ఇక ఎండ సంగతి. నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది ఇదే. 2015 మే నెలలో వడగాల్పులకి దేశంలో దాదాపు 2,500 మంది చనిపోయారు, అందులో ఎక్కువ మంది మన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్ళే. ఇది హుద్ హుద్ కన్నా ఎన్నో రెట్లు పెద్ద విపత్తు, కానీ హుద్ హుద్ పేరు అందరికీ గుర్తుంది, 2015 ఎండాకాలం ఎవరికి గుర్తుంది? ఎండకి పేరు పెట్టరు, ఎండ టీవీలో కనపడదు, చనిపోయేది కూలీలు, ముసలివాళ్ళు, గొర్రెలు కాసేవాళ్ళు, రోజుకి ఒక్కొక్కరు ఒక్కో ఊళ్ళో. ఆ వార్త జిల్లా పేజీలో నాలుగు లైన్లు, వడదెబ్బతో వృద్ధుడి మృతి అని, అంతే. ఆ నాలుగు లైన్ల వార్తలన్నీ ఒక్కచోట పోగేసి మొదటి పేజీలో వేసి ఉంటే ఆ మే నెల ఎప్పటికీ మర్చిపోయే వాళ్ళం కాదు.

అందులో కూడా ప్రాంతానికీ ప్రాంతానికీ తేడా ఉంది, దాన్ని మన పేపర్లు చెప్పట్లేదు. వేసవి వచ్చిందంటే రెంటచింతల ఇంత, రామగుండం ఇంత, నిజామాబాద్ ఇంత అని ఎక్కడ ఎక్కువ డిగ్రీలుంటే ఆ ఊరి పేరు పెద్ద అక్షరాల్లో వేస్తారు. ఒంగోల్లో 40 ఉంటే హమ్మయ్య అక్కడ తక్కువే అనుకుంటాం. కానీ ఒంటికి చల్లదనం వచ్చేది చెమట ఆరడం వల్ల, గాలిలో తేమ ఎక్కువుంటే చెమట ఆరదు, లోపలి వేడి బయటికి పోదు. పొడిగా ఉండే నిజామాబాద్ 43 కన్నా సముద్రం పక్కన ఉక్కపోతతో 40 మనిషికి ఎక్కువ ప్రమాదం కావచ్చు. అందుకే వాతావరణ శాఖ మైదాన ప్రాంతాల్లో 40 డిగ్రీల దగ్గర వడగాల్పుల గీత పెడితే తీర ప్రాంతాలకి 37 దగ్గరే పెట్టింది, దాంతోపాటు మామూలు కన్నా కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువ ఉండాలి అని లెక్క. ఈ విషయం కాకినాడలో, నెల్లూరులో, మచిలీపట్నంలో ఎంతమందికి తెలుసు? నేను మా చుట్టాల్లో డిగ్రీలు చదివిన వాళ్ళని అడిగాను, ఒక్కరికీ తెలీదు. రోజూ వేసే ఉష్ణోగ్రతల బాక్స్ లో పక్కన తేమ శాతం కూడా వెయ్యడానికి ఎంత చోటు పడుతుందండీ?

గుజరాత్ లో అహ్మదాబాద్ వాళ్ళు 2010లో వడగాల్పులకి చాలామందిని పోగొట్టుకున్నాక 2013లో ఎండల కోసమే ఒక యాక్షన్ ప్లాన్ పెట్టుకున్నారు, దక్షిణాసియాలోనే మొదటిది అంటారు. తర్వాత మన దగ్గరా ప్లాన్లు వచ్చాయి, ఆంధ్రలో విపత్తుల సంస్థ ఏ మండలంలో వడగాల్పులు వస్తాయో ముందు రోజే చెప్తోంది, తెలంగాణలో 2025లో వడదెబ్బని రాష్ట్ర విపత్తుగా గుర్తించి చనిపోతే కుటుంబానికి 4 లక్షలు ఇస్తామన్నారు. చాలా మంచి పని, కానీ ఆ 4 లక్షల సంగతి ఉపాధి హామీ పనికి వెళ్ళే ఇంట్లో తెలుసా? అది వడదెబ్బ చావే అని రాయించుకోవడానికి ఏం చెయ్యాలి, ఎవరి దగ్గరకి వెళ్ళాలి అని పల్లె పాఠకుడికి అర్థమయ్యేట్టు ఎవరైనా రాశారా? అవగాహన అంటే ధ్రువాల్లో మంచు కరగడం గురించి తెలియడం ఒక్కటే కాదు, ఇది కూడా.

ఉప్పాడ గురించి రాయకుండా ఉండలేను. చీరల ఊరిగా అందరికీ తెలుసు, సముద్రం తినేస్తున్న ఊరిగా మా చుట్టుపక్కల వాళ్ళకే తెలుసు. ఇసుక నింపిన పెద్ద గొట్టం లాంటి జియో ట్యూబ్ వేశారు, రాళ్ళు వేశారు, తుఫాను వచ్చినప్పుడల్లా బీచ్ రోడ్డు మళ్ళీ తెగుతూనే ఉంటుంది. మా పెద్దమ్మ కొడుకు అక్కడే ఉంటాడు, "చిన్నప్పుడు మనం ఆడుకున్న చోటు ఇప్పుడు నీళ్ళలో ఉందే అమ్మాయ్, ఇది ఇంకెంత దూరం వస్తదో" అంటాడు. ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, ఇదంతా గ్లోబల్ వార్మింగే అని రాసేస్తే అది కూడా తప్పే. గోదావరి మీద కట్టడాల వల్ల కిందకి వచ్చే ఒండ్రు తగ్గడం, తీరం వెంట కట్టినవాటి వల్ల ఇసుక కదలిక మారిపోవడం పెద్ద కారణాలు, వాటి మీద పెరుగుతున్న సముద్ర మట్టం వచ్చి కూర్చుంటోంది. 1993 నుంచి శాటిలైట్లతో కొలుస్తుంటే ప్రపంచ సగటున సముద్రం దాదాపు 10 సెంటీమీటర్లు పెరిగింది. 10 సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది, కానీ ఉప్పాడ లాంటి పల్లపు తీరంలో అలలు ఆ ఎత్తు నుంచి మొదలై లోపలికి వస్తాయి. మా వాళ్ళకి అలలు తెలుసు, గాలులు తెలుసు, ఏ నెలలో సముద్రం ఎలా ఉంటుందో తెలుసు, కారణాల్లో ఏది ఎంత అన్నది మాత్రం ఎవరూ వచ్చి చెప్పలేదు, అందుకే కోపమంతా రాళ్ళు సరిగా వెయ్యని కాంట్రాక్టర్ మీదకే పోతుంది. ఆ కోపం న్యాయమే, కానీ చాలదు.

నేనుండే హైదరాబాద్ మాటేంటంటే ఇక్కడ పేరు అందరికీ తెలుసు. క్లైమేట్ ఛేంజ్ అని స్కూల్ పిల్లలు ప్రాజెక్టులు చేస్తారు, చార్టులు అంటిస్తారు, అపార్ట్ మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో చర్చలు. అదే గ్రూపుల్లో ఆల్ఫీలియన్ వచ్చింది, సూర్యుడు దూరంగా వెళ్ళిపోయాడు, చలి పెరుగుతుంది, జలుబులు వస్తాయి, అందరికీ పంపండి అనే మెసేజ్ మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుంది, చదువుకున్నవాళ్ళే పంపుతారు. దాని అసలు పేరు అఫీలియన్, భూమి ప్రతి ఏడాది జులై మొదట్లో సూర్యుడికి కొంచెం దూరంగా ఉంటుంది, జనవరితో పోలిస్తే తేడా 3 శాతం, ఎప్పుడూ ఉండేదే. మరి 2020 అక్టోబర్ లో నగరంలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్లు, ఘట్ కేసర్ వైపు 32 సెంటీమీటర్లు పడి కాలనీలకి కాలనీలు మునిగినప్పుడు ఈ పేరు తెలిసిన జనం ఏం చేశాం? నాలాల కబ్జాల గురించి మాట్లాడుకున్నాం, చెరువుల గురించి మాట్లాడుకున్నాం, అది సరైన మాటే. కానీ పాత లెక్కలకి కట్టిన డ్రైనేజీ కొత్త వానలకి చాలదు అనే రెండో సగం ఎవరికీ పట్టలేదు, నీళ్ళు తీశాక అందరం మర్చిపోయాం. తెలిసిన పేరు మనల్ని కదిలించకపోతే ఆ తెలియడానికి విలువెంత?

సింగరేణి ప్రాంతం గురించి ఎవరూ మాట్లాడరు, నేను గోదావరిఖనిలో బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఇది ఆలోచిస్తాను. రాష్ట్రంలో ఎండలు మండే చోట్లలో రామగుండం ఒకటి, దాని పక్కనే బొగ్గు గనులు, 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ ప్లాంటు. సింగరేణి ఏడాదికి దాదాపు 7 కోట్ల టన్నుల బొగ్గు తీస్తోంది. అక్కడ కార్మికుడి ఇంట్లో కూర్చుని బొగ్గు వల్ల భూమి వేడెక్కుతోంది అంటే ఆ మాట వాళ్ళ అన్నం మీదకి వచ్చినట్టుంటుంది, వాళ్ళు మొహం తిప్పుకుంటే తప్పు వాళ్ళది కాదు. వాళ్ళకి తెలీదని కాదు, రేపు మా పిల్లల ఉద్యోగాలేంటి అన్నదానికి ఎవరూ జవాబు చెప్పకుండా మిగతాదంతా చెప్తున్నారు. సింగరేణే ఇప్పుడు సోలార్ ప్లాంట్లు పెడుతోంది, దాని గురించి అక్కడి కుటుంబాలు ఏమనుకుంటున్నాయో రాయండి, అది పెద్దపల్లి పేజీలో కాకుండా అందరూ చదివే చోట రాయండి. వాళ్ళ బొగ్గుతో వచ్చిన కరెంటుతోనే కదా నా ఇంట్లో ఏసీ తిరుగుతోంది.

మన దగ్గర సమాచారం లేదా అంటే కావల్సినంత ఉంది, అదీ హైదరాబాద్ లోనే ఉంది. సముద్రాన్ని గమనించే ఇన్ కాయిస్ ప్రగతి నగర్ లో ఉంది, మెట్ట సేద్యం మీద పనిచేసే క్రీడా (CRIDA) అనే పరిశోధన సంస్థ సంతోష్ నగర్ లో ఉంది, మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ పటాన్ చెరులో ఉంది. క్రీడా వాళ్ళు దేశంలో జిల్లా జిల్లాకీ వాన ఆలస్యమైతే ఏ పంట వెయ్యాలి, మధ్యలో ఆగిపోతే ఏం చెయ్యాలి అని ప్లాన్లు తయారు చేసి పెట్టారు. నేను నెట్ లో చూసిన అనంతపురం ప్లాన్ ఇంగ్లీషులో ఉంది, మా మరిది వ్యవసాయం చేస్తాడు, అలాంటిది ఒకటి ఉందని కూడా అతనికి తెలీదు. ఇన్ కాయిస్ చేపలు ఎక్కడ దొరుకుతాయో, అలలు ఎంత ఎత్తు ఉంటాయో చెప్తుంది, అది మా ఊరి మత్స్యకారులకి చేరుతోంది, పనికొస్తోంది కూడా. చేరిన చోట జనం వాడుకుంటున్నారు అనడానికి అదే రుజువు.

అందుకని నా విన్నపం ఏంటంటే, వారానికి ఒక్క పేజీ, రెండు రాష్ట్రాల అన్ని ఎడిషన్లలోనూ ఒకేలా వచ్చే పేజీ పెట్టండి, పాడేరు కాఫీ తోటల్లో ఎండాకాలం పూత వాన సమయానికి పడిందా లేదా, తిత్లీ తుఫానుకి పడిపోయిన ఉద్దానం కొబ్బరి మళ్ళీ లేచిందా, భీమవరం వైపు ఉప్పు నీళ్ళు ఎంత లోపలికి వచ్చాయి, పాలమూరులో బోర్లు ఎంత లోతుకి పోయాయి, ఇవన్నీ పక్కపక్కనే రానివ్వండి. సైంటిస్టుల చేత రాయించండి కానీ ముందు ఆ ఊరి మనిషి చెప్పింది వెయ్యండి, తర్వాత దానికి కారణం వివరించండి, అది ఎంతవరకు భూమి వేడెక్కడం వల్ల, ఎంతవరకు మనం కట్టిన వాటి వల్ల అన్నది విడదీసి చెప్పండి, అతి చెయ్యకుండా. దానికన్నా ముందు, ఇవ్వాళే చెయ్యగలిగింది ఆ తేమ కాలమ్. మార్చి వచ్చేలోగా మొదలుపెడితే ఈ వేసవికే పనికొస్తుంది, పెట్టినప్పుడు తీర జిల్లాలకి 37 డిగ్రీల గీత ఎందుకో కింద ఒక లైన్ రోజూ వెయ్యండి, ఒక్క రోజు వేసి ఆపొద్దు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఉప్పల్, హైదరాబాద్